సూక్ష్మజీవుల వంశరహస్యము: ఆస్వాల్డ్ ఏవరీ జీవితము

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిండించుకొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, ఒక శాస్త్రజ్ఞుని జీవితమును పాఠకుల ముందుంచ సాహసించుచున్నాను. రాజుల చరిత్రములు, కవుల చరిత్రములు, దేశభక్తుల చరిత్రములు మన బీరువాలలో అనేకము కలవు. వానిని మనము తరచుగా చదువుచునే యున్నాము. కాని ఒక చిన్న గదిలో కూర్చుండి, కంటికి కానరాని ఒక సూక్ష్మజీవి వెంట ముప్పదియైదేండ్లు నడచి, తుదకు ప్రాణికోటి కంతటికిని సంబంధించిన సత్యమును కనుగొన్న ఈ మహనీయుని కథ మనలో పెక్కుమంది వినియుండరు.

రైతు మంచి కంకులను ఏరి విత్తనమునకు దాచును. మేలుజాతి ఆబోతు కొరకు పశువుల కాపరి ఊరూర వెదకును. వరి విత్తినచో వరియే మొలచుననియు, తండ్రి పోలిక బిడ్డకు వచ్చుననియు మన పెద్దలు అనాదిగా ఎరిగియే యున్నారు. కాని ఆ పోలికను ఒక తరమునుండి మరియొక తరమునకు మోసికొని పోవు వస్తువేది? దానిని చేతబట్టి చూపుట సాధ్యమా? ఈ ప్రశ్నకు సమాధానము పొలములో గాని పశువులశాలలో గాని మొదట దొరకలేదు. ప్రాణాపాయకరమగు న్యుమోనియా జ్వరమును కలిగించు సూక్ష్మజీవియందు దొరకినది. దానిని దొరకించుకొన్నవారిలో ముఖ్యుడు ఆస్వాల్డ్ ఏవరీ.

బాల్యము, విద్య

ఆస్వాల్డ్ థియొడోర్ ఏవరీ 1877వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన కెనడా దేశమునందలి హాలిఫాక్స్ పట్టణమున జన్మించెను. తండ్రి జోసెఫ్ ఫ్రాన్సిస్ ఏవరీ ఇంగ్లండునుండి వలసవచ్చిన బాప్టిస్టు మతబోధకుడు. తల్లి పేరు ఎలిజబెత్. 1887లో తండ్రికి న్యూయార్కు నగరమున ఒక దేవాలయపు బాధ్యత లభింపగా కుటుంబమంతయు అచ్చటికి తరలిపోయెను. ఆ దేవాలయమున్న పేట నావికులకును, వలసవచ్చిన బీదలకును నివాసము. ఇరుకు ఇండ్లు, రోగములు, ఆకలి ఆ బాలుని కన్నులకు నిత్యము కానవచ్చుచుండెను.

ఏవరీకి బాల్యమునందే సంగీతమున అభిరుచి కలిగెను. కార్నెట్ అనబడు, బాకా వంటి ఊదువాద్యమును అతడు నేర్చెను. ఆదివారములందు అతడును, అతని అన్న ఎర్నెస్టును దేవాలయపు మెట్లమీద నిలిచి వాద్యము వాయించుచు, దారినిపోవువారిని లోనికి ఆహ్వానించెడివారు. ఈ సంతోషము చిరకాలము నిలువలేదు. 1892లో అన్నయు తండ్రియు ఒకే వత్సరమున మరణించిరి. అప్పటికి ఏవరీకి పదునైదేండ్లయినను సరిగా నిండలేదు. రాయ్ అను తమ్ముడు ఇంకను చిన్నవాడు. తల్లి ధైర్యము విడువక సంసారభారమును వహించెను.

ఏవరీ కోల్గేటు కళాశాలలో చేరి 1900లో పట్టభద్రుడయ్యెను. అచ్చట ఆయనకు పేరు తెచ్చినవి శాస్త్రములు కావు. సాహిత్యమునందును, వక్తృత్వమునందును ఆయన మేటి. కళాశాల వాద్యబృందమునకు నాయకుడు. తండ్రివలె మతబోధకుడగునని చూచువారు తలచియుందురు. కాని ఆయన కొలంబియా విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి 1904లో వైద్యపట్టమును పొందెను.

వైద్యుని నిస్సహాయత

యువవైద్యుడు కొన్ని సంవత్సరములు రోగులకు చికిత్స చేసెను. రోగుల మన్ననయు పొందెను. కాని దీర్ఘకాలము ఊపిరితిత్తుల వ్యాధితో బాధపడుచున్నవారి మంచమువద్ద కూర్చుండినపుడు తన చేతిలో నిజమగు మందు ఏదియు లేదని ఆయన గ్రహించెను. ఓదార్పు మాట చెప్పుట తప్ప వైద్యుడు చేయగలది స్వల్పము. ఆ నిస్సహాయత ఆయన మనస్సును కలచివేసెను. రోగమునకు మూలమును ఎరుగక మందు దొరకదని నిశ్చయించుకొని, 1907లో వైద్యవృత్తిని విడిచి బ్రూక్లినునందలి హోగ్లండు ప్రయోగశాలలో చేరెను. అచ్చట ఆయన తొలుత పరిశీలించినవానిలో పాలను తోడుకొనజేయు సూక్ష్మజీవులు కూడ ఉండుట విశేషము. మన ఇంటి పెరుగుకుండలో నివసించునవి ఆ జాతికి బంధువులే.

1913లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లరు పరిశోధనసంస్థ వైద్యశాలనుండి ఆయనకు పిలుపు వచ్చెను. ఆ వైద్యశాలలో చేర్చుకొనబడిన రోగులను ఒకవైపు చికిత్సించుచు, వేరొకవైపు వారి రోగకారణమును శోధించుట పద్ధతి. ఏవరీకి అప్పగింపబడిన పని న్యుమోనియా. ఆ కాలమున ఆ జ్వరము సోకినవారిలో సుమారు నలుగురికి ఒకరు మరణించుచుండిరి. బలిష్ఠుడగు యువకుడు సోమవారము పనికిపోయి, ఆదివారము నాటికి శవమగుట అపురూపము కాదు.

కవచము ధరించిన శత్రువు

న్యుమోనియాను కలిగించు ముఖ్యమైన సూక్ష్మజీవికి న్యూమోకాకస్ అని పేరు. సూక్ష్మదర్శినిలో చూచినచో అది జంటజంటలుగా నున్న గింజలవలె కనబడును. చూపునకు అన్నియు ఒకే తీరుగనున్నను అన్నియు ఒక్కటి కావు. ఒకటవ జాతి, రెండవ జాతి, మూడవ జాతి అని ఏవరీయు ఆయన సహచరులును వానిని వేరుపరచిరి. ఒకటవ జాతి క్రిమిని గుఱ్ఱమునకు ఎక్కించి, ఆ గుఱ్ఱపు రక్తమునుండి తీసిన రసము ఒకటవ జాతి జ్వరమునకే పనిచేయును, మూడవ జాతికి పనికిరాదు. కావున రోగి శరీరమున ఏ జాతి క్రిమియున్నదో శీఘ్రముగా తెలిసికొనుట ప్రాణాధారమైన విషయమయ్యెను. మన దేశపు పొలములయందు వరి యొక్కటే యైనను దానిలో ఎన్ని రకములున్నవో, ఈ క్రిమియందును అట్లే. నేటికి నూటికి మించిన రకములు గుర్తింపబడినవి.

ఈ భేదములకు ఆధారమేమి? 1917లో ఏవరీయు, ఆయన మిత్రుడు డోషెజును రోగుల రక్తమునందును మూత్రమునందును ఈ క్రిములనుండి కరగివచ్చు ఒక పదార్థమును కనుగొనిరి. 1923లో హైడెల్‌బర్గరు అను రసాయనశాస్త్రజ్ఞుని తోడ్పాటుతో అది చక్కెర జాతికి చెందిన పదార్థమని తేలెను. క్రిమి తన దేహము చుట్టు ఆ పదార్థముతో ఒక జిగురు కవచమును కట్టుకొనును. మన రక్తమునందలి తెల్లకణములు క్రిములను మ్రింగివేయుటకు వచ్చినపుడు, కవచమున్న క్రిమి వానికి చిక్కక జారిపోవును. కవచము లేనిది చిక్కి నశించును. ఒక్కొక్క జాతి కవచము ఒక్కొక్క తీరు చక్కెరతో నిర్మితమగును. అదియే జాతిభేదమునకు గుర్తు.

ఇక్కడ ఒక చిత్రమున్నది. కవచముగల క్రిమిని గాజు పళ్లెములో పెంచినచో అది నునుపుగా మెరయు బొట్లవలె పెరుగును. కాని కొన్ని పరిస్థితులలో వానినుండియే కవచము లేని క్రిములు పుట్టును. అవి గరుకు బొట్లుగా పెరుగును, ఎలుకకు ఎక్కించినను చంపజాలవు. అనగా ఒకే క్రిమికి క్రూరరూపము, సాధురూపము రెండును కలవన్నమాట. ఈ రూపభేదము తాత్కాలికమా, లేక వంశపారంపర్యమా? ఈ ప్రశ్నయందే మహారహస్యము దాగియుండెను.

చిత్తడినేల మట్టిలో ఆయుధము

రూపభేదరహస్యము తేలకమునుపే కవచమును జయించు మార్గమును ఏవరీ వెదకెను. 1929 మొదలు రెండుమూడు వత్సరములలో ఆయనయు గోబెలు అను సహచరుడును ఒక విషయమును నిరూపించిరి. కవచపు చక్కెరను మాత్రము కుందేలునకు ఎక్కించినచో దానికి రక్షణశక్తి కలుగదు. అదే చక్కెరను ఒక మాంసకృత్తుతో జతగూర్చి ఎక్కించినచో రక్షణశక్తి కలుగును. ఈ సంగతి అప్పటికి ఒక ప్రయోగముగానే మిగిలెను. దాని ఫలము మన బిడ్డలకు ఎట్లు అందినదో తుదిని చెప్పెదను.

వేరొక మార్గము ఇంతకంటె వింతయైనది. ప్రకృతిలో ఏ పదార్థమైనను కుప్పలుగా పేరుకొని మిగిలిపోదు, దానిని తిని జీర్ణించుకొను సూక్ష్మజీవి ఎచ్చటనో ఉండకతప్పదు అని రెనే ద్యూబో అను యువ శాస్త్రజ్ఞుడు తలచెను. ఏవరీ ప్రోత్సాహముతో అతడు అనేక స్థలముల మట్టిని తెచ్చి పరీక్షించెను. తుదకు న్యూజెర్సీ రాష్ట్రమునందలి ఒక చిత్తడినేల మట్టిలో, మూడవ జాతి కవచమును కరగించు సూక్ష్మజీవి దొరకెను. దానినుండి తీసిన రసము ఎలుకలను మరణమునుండి కాపాడెను. ఈ సంగతి 1930లో ప్రకటింపబడెను. మట్టినుండి మందులు తీయు శాస్త్రమునకు ఇది ఒక శుభారంభము.

గ్రిఫిత్ చూచిన వింత

ఈలోగా ఇంగ్లండులో ఫ్రెడరిక్ గ్రిఫిత్ అను ప్రభుత్వ వైద్యాధికారి, మితభాషి, ఏకాంతప్రియుడు, ఒక వింతను చూచెను. ఆయన మూడవ జాతి క్రూరక్రిములను వేడిచేసి చంపెను. చచ్చిన క్రిములను మాత్రమే ఎక్కించినచో ఎలుకలు బ్రతికినవి. రెండవ జాతినుండి పుట్టిన కవచము లేని సాధుక్రిములను మాత్రమే ఎక్కించినను ఎలుకలు బ్రతికినవి. ఆ రెంటిని కలిపి ఎక్కించినపుడు మాత్రము ఎలుకలు చచ్చినవి. చచ్చిన ఎలుకల రక్తమున మూడవ జాతి కవచము ధరించిన సజీవక్రిములు కనబడినవి! వాని సంతానము కూడ తరతరములుగా ఆ కవచమునే ధరించెను.

చచ్చినవి లేచిరాలేదు. సాధుక్రిములే చచ్చినవానినుండి ఏదియో గ్రహించి క్రూరజాతిగా మారినవి. 1928లో గ్రిఫిత్ దీనిని ప్రకటించినపుడు ఏవరీ తొలుత నమ్మలేదు. జాతులు స్థిరములని జీవితమంతయు పనిచేసి నిరూపించినవానికి, ఒక జాతి వేరొక జాతిగా మారునన్న మాట మ్రింగుడుపడుట సులభము కాదు. కాని ఆయన తన అభిప్రాయముకంటె ప్రయోగమునకే ఎక్కువ గౌరవమిచ్చువాడు. ఆయన ప్రయోగశాలలోనే డాసన్ అను సహచరుడు ఆ ప్రయోగమును తిరిగి చేసి, అది సత్యమని నిరూపించెను. తరువాత డాసన్ కొలంబియాకు పోయి, ఎలుక అక్కరలేకయే గాజు గొట్టములో ఈ మార్పు జరుగునని 1931లో చూపెను. 1932లో అలోవే అను మరియొక సహచరుడు ఏవరీ ప్రయోగశాలలో క్రిములను పగులగొట్టి, వడగట్టి, ఆ తేటయందే మార్చు శక్తి యున్నదని తేల్చెను.

పాపము, గ్రిఫిత్ తాను చూచిన వింతకు కారణమును తెలిసికొనక మునుపే కన్నుమూసెను. 1941లో రెండవ ప్రపంచయుద్ధమునందు లండనుపై శత్రువిమానములు బాంబులు కురిపించినపుడు ఆయన మరణించెను.

పది సంవత్సరముల తపస్సు

ఆ తేటలో ఉన్న వస్తువేది? ఏవరీ ముందున్న ప్రశ్న అది. ఆ నాళ్లలో ఆయన ఆరోగ్యము సరిగా లేకుండెను. థైరాయిడు గ్రంథి వ్యాధితో బాధపడి 1934లో శస్త్రచికిత్స చేయించుకొనవలసివచ్చెను. 1930–40 మధ్య న్యుమోనియాకు సల్ఫా మందులు వచ్చెను. 1938 తరువాత గుఱ్ఱపు రసముతో పనియే తగ్గిపోయెను. ఏండ్ల తరబడి తాను శ్రమించిన చికిత్స పనికిరానిదగుచుండగా, ఏవరీ నొచ్చుకొనలేదు. రోగి బ్రతుకుటయే కావలసినది గదా! ఆయన క్రిమిని విడువక, దాని రహస్యమును వెదకుచునే యుండెను.

కోలిన్ మెక్‌లాడ్ అను యువకుడు 1934 మొదలు కొన్ని సంవత్సరములు ఆయనతో పనిచేసెను. 1941లో మక్లిన్ మెకార్టీ వచ్చి చేరెను. పని మిక్కిలి కష్టమైనది. ఒక్కొక్క పర్యాయము డెబ్బదియైదు లీటర్ల వరకు క్రిములను పెంచవలెను. పాలనుండి మీగడను వేరుచేయు యంత్రము వంటి దానితో క్రిములను ద్రవమునుండి వేరుచేయుచుండిరి. వానిలో ఒక్క తుంపర గాలిలోనికి పోయినను పనివారి ప్రాణములకు ముప్పు. ఇంత పాటుపడినను తుదకు మిగులు శుద్ధపదార్థము పది మొదలు ఇరువదియైదు మిల్లీగ్రాములు, అనగా చిటికెడు ఉప్పుకంటెను మిక్కిలి తక్కువ. పలుమార్లు పని చెడిపోయెను. పలుమార్లు ఫలితము రాకపోయెను. అయినను విసుగు చెందలేదు.

దొంగను పట్టుకొనుటకు తెలివిగల ఊరిపెద్ద ఒక్కొక్కరినే పిలిచి విచారించి, నిర్దోషులను పంపివేయును గదా. ఏవరీ పద్ధతియు అట్టిదే. కవచపు చక్కెరయే ఈ మార్పును చేయుచున్నదా? ద్యూబో కనుగొన్న చిత్తడినేల రసముతో ఆ చక్కెరను నాశనము చేసిరి. మార్చు శక్తి తగ్గలేదు. మాంసకృత్తులు చేయుచున్నవా? వానిని జీర్ణము చేయు ట్రిప్సిను వంటి రసములను కలిపిరి. శక్తి తగ్గలేదు. కొవ్వును తీసివేసిరి. తగ్గలేదు. రైబో న్యూక్లియిక్ ఆమ్లము అనబడు పదార్థమును నశింపజేసిరి. తగ్గలేదు. తుదకు మిగిలినది డీఆక్సీరైబో న్యూక్లియిక్ ఆమ్లము, నేడు బడిపిల్లలుకూడ డి.ఎన్.ఏ. అని పిలుచునది. దానిని నాశనము చేయు రసము కలిపిన తక్షణమే మార్చు శక్తి అంతయు మాయమయ్యెను. దొంగ దొరకెను.

ఆ పదార్థమును సారాయముతో కలిపి గాజు కడ్డీతో త్రిప్పినపుడు, కదురునకు నూలుపోగు చుట్టుకొన్నట్లు తెల్లని సన్నని దారములుగా కడ్డీకి చుట్టుకొనుచుండెను. ద్రవములో అరువది కోట్ల పాళ్లకు ఒక పాలుండినను అది క్రిమిని మార్చుటకు చాలెను. మారిన క్రిముల సంతానము మూడవ జాతి కవచమునే ధరించెను. అంతేకాదు, వానినుండి తీసిన డి.ఎన్.ఏ. మరియొక తరము క్రిములను మార్చెను. కలిపినది అణుమాత్రము, తిరిగి లభించునది ఎన్నియో రెట్లు. ఇది మందువంటిది కాదు, విత్తనమువంటిది. మందు వాడిన కొలది తరుగును, విత్తనము నాటిన కొలది పెరుగును.

1943 మే నెలలో ఏవరీ తమ్ముడగు రాయ్‌కి ఒక దీర్ఘమైన ఉత్తరము వ్రాసెను. రాయ్ కూడ సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడై నాష్‌విల్ నగరమున అధ్యాపకుడుగా నుండెను. ఆ లేఖలో ఆయన, తాము కనుగొన్నది వంశలక్షణములను మోసికొనిపోవు జన్యువు వంటిదని స్ఫురింపజేయుచునే, తొందరపడి చాటుకొనుట తగదని హెచ్చరికయు వ్రాసికొనెను. 1944 ఫిబ్రవరి 1వ తేదీన ఏవరీ, మెక్‌లాడ్, మెకార్టీ మువ్వురి పేరున ఆ పరిశోధన ప్రకటింపబడెను. అప్పటికి ఏవరీకి అరువదియారేండ్లు. ఆ వయస్సున సాధారణముగా జనులు విశ్రాంతి కోరుదురు. ఆయన ఉద్యోగమునుండి 1943లోనే విరమించియు పరిశోధనను మానక కొనసాగించుచుండెను.

నమ్మనివారు, నమ్మినవారు

లోకము వెంటనే జయజయధ్వానములు చేయలేదు. డి.ఎన్.ఏ. నాలుగు విధములగు మూలభాగములు ఒకే వరుసలో మాటిమాటికి వచ్చు, రుచిలేని పదార్థమని ఆనాటి రసాయనశాస్త్రజ్ఞుల తలంపు. నాలుగే అక్షరములతో ఇంతటి ప్రాణిప్రపంచమును వ్రాయుట ఎట్లని వారి సందేహము. ఏవరీ పనిచేసిన సంస్థలోనే ఆల్ఫ్రెడ్ మిర్‌స్కీ అను ప్రసిద్ధుడు, ఆ పదార్థమున కొలతకందని మాంసకృత్తు కొంత మిగిలియుండవచ్చునని పలుమార్లు వాదించెను. ఏవరీ వాదమునకు వాదము చేయలేదు. మెకార్టీ ఇంకను శుద్ధమగు రసములతో తిరిగి పరీక్షించి 1946లో ప్రకటించెను. ఎదుటివాని అనుమానమునకు మాటతో గాక పనితో సమాధానము చెప్పుట వారి తీరు.

నమ్మినవారును లేకపోలేదు. అమెరికాలో జాషువా లెడర్‌బర్గ్ అను యువకుడు ఆ వ్యాసము చదివి ఉత్తేజితుడై, సూక్ష్మజీవులు ఒకదానితో నొకటి కలిసి వంశలక్షణములను పంచుకొనునని 1946లో చూపెను. ఇర్విన్ చార్గాఫ్ ఆ వ్యాసమువలన ప్రేరణ పొంది, డి.ఎన్.ఏ.లోని నాలుగు భాగములు అన్ని ప్రాణులయందు ఒకే పాళ్లలో నుండవని నిరూపించెను. 1952లో హర్షీ, చేజ్ అనువారు వేరొక మార్గమున ఏవరీ మాటనే బలపరచిరి. 1953లో వాట్సన్, క్రిక్ అనువారు డి.ఎన్.ఏ. నిచ్చెనవలె మెలితిరిగిన రెండు పేటల నిర్మాణమని వెల్లడించిరి. నాలుగు అక్షరములు ఏ క్రమమున నున్నవో అదియే వంశలిపియని లోకమునకు బోధపడెను. మన తెలుగు వర్ణమాలలో ఏబదియారు అక్షరములుండగా వేలాది గ్రంథములు వెలసినవి గదా! అక్షరములు నాలుగేయైనను, వాని వరుస మారుచుండ గ్రంథములకు కొదవ యేమి?

ఏవరీకి ఇంగ్లండునందలి రాయల్ సొసైటీ 1945లో కాప్లీ పతకమును ప్రసాదించెను. ఆయన ప్రయాణములను ఇష్టపడక లండనునకు పోలేదు. సొసైటీ అధ్యక్షుడగు సర్ హెన్రీ డేల్ స్వయముగా పతకమును న్యూయార్కునకు కొనివచ్చి అందించెను. 1947లో లాస్కర్ బహుమానమును లభించెను. కాని నోబెల్ బహుమానము మాత్రము లభింపలేదు. లెడర్‌బర్గ్‌కు 1958లోను, వాట్సన్, క్రిక్‌లకు విల్కిన్సుతోపాటు 1962లోను లభించినది. వారందరి మార్గమునకు తొలి పునాదిరాయి వేసినవానికి దక్కలేదు.

ఆయన పొట్టివాడు, సన్నని దేహము, మృదుభాషి. సహచరులు ఆయనను ఆచార్యుడని చనువుతోడి గౌరవముతో పిలుచుచుండిరి. ఆయన వివాహమాడలేదు. మిత్రుడగు డోషెజుతో కలిసి చిరకాలము ఒకే ఇంట నివసించెను. వేసవియందు సముద్రతీరమున పడవ నడుపుట ఆయనకు ప్రియమైన వినోదము. 1948లో న్యూయార్కును విడిచి, తమ్ముని కుటుంబమునకు సమీపముగా నాష్‌విల్ నగరమున స్థిరపడెను. 1955 ఫిబ్రవరి 20వ తేదీన అచ్చటనే కాలేయపు రాచపుండు వ్యాధితో పరమపదించెను. డి.ఎన్.ఏ. నిర్మాణము బయల్పడుటను కన్నులార చూచి పోయెను. ఆయన పేరున రాక్‌ఫెల్లరు సంస్థ ఆవరణమునకు ఒక ద్వారమును 1965లో నిర్మించిరి.

మన కేమి?

ఎచ్చటనో అమెరికాలో జరిగిన ఈ కథ మన పల్లెవాసుల కెందుకని అడుగువారుండవచ్చును. జబ్బు చేయని ఇల్లు ఏదియు లేదు. కావున ఈ కథతో సంబంధము లేని ఇల్లును లేదు.

సూక్ష్మజీవులు తమ గుణములను తమ సంతతికి మాత్రమే గాక, ప్రక్కనున్న వేరొక సూక్ష్మజీవికి కూడ ఇచ్చిపుచ్చుకొనగలవని గ్రిఫిత్, ఏవరీ పరిశోధనలు తొలిసారి చూపినవి. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకుడుగా నున్నపుడే, 1948లో ఆరియోమైసిన్ అను గొప్ప మందు అచ్చటనుండి వెలువడెను. నోబెల్ బహుమానము దక్కకయే ఆ వత్సరముననే మరణించిన ఆ తెలుగు మహనీయుడును, ఏవరీయు ఈ విషయమున ఒకే కోవకు చెందినవారు. ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబమునకు పెద్దబిడ్డ. ఆ మందులు అసంఖ్యాకుల ప్రాణములు కాపాడినవి. కాని పది పండ్రెండు సంవత్సరములు గడచునంతలోనే జపాను దేశమున, రక్తవిరేచనములు కలిగించు క్రిములు టెట్రాసైక్లిన్‌తో సహా నాలుగు మందులకు ఒక్కసారిగా లొంగకపోవుట కనబడెను. ఆ మొండితనమును మన ప్రేగులలో నుండు నిరపాయకరమగు క్రిములు రోగక్రిములకు అందించుచున్నవని 1959లో జపాను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. న్యూమోకాకస్ కూడ, ఏవరీ చూపిన మార్గముననే, తన బంధువులనుండి డి.ఎన్.ఏ. తునకలను గ్రహించి పెన్సిలినునకు లొంగని రూపమును తాల్చినది.

కావున వైద్యుని సలహా లేక అంగడిలో మందుబిళ్లలు కొని మ్రింగుటయు, జలుబువంటి స్వల్పరోగములకు తీవ్రమైన మందులు వాడుటయు, మనకే గాక మన ఇరుగుపొరుగు వారికిని హాని. ఒక పొలమున మొలచిన కలుపు గింజ గాలికి ఎగిరి ప్రక్క పొలమున పడుట మనము ఎరుగుదుము. సూక్ష్మజీవుల లోకమున ఇంకను వేగముగా జరుగునది అదియే.

ఇక శుభవార్త ఒకటి. కవచపు చక్కెరను మాంసకృత్తుతో జతగూర్చినచో రక్షణశక్తి కలుగునని ఏవరీ, గోబెలు చూపిన మార్గముననే నేడు న్యుమోనియా టీకా తయారగుచున్నది. మన దేశమున ప్రభుత్వము 2017లో కొన్ని రాష్ట్రములలో పసిబిడ్డలకు ఆ టీకా వేయించుట మొదలిడి, 2021లో దేశమంతటికిని విస్తరింపజేసినది. మన ఊరి తల్లి తన చంటిబిడ్డను ఎత్తుకొని టీకా వేయించుటకు పోవునపుడు, ఏవరీ పేరు ఆమె వినియుండకపోవచ్చును. కాని ఆ బిడ్డ తొడయందు గ్రుచ్చబడు చుక్కలో ఆయన చూపిన మార్గపు ఫలము కలదు.

యువకులగు పాఠకులు ఈ జీవితమునుండి గ్రహింపవలసినది ఒకటి కలదు. తన నమ్మకమునకు విరుద్ధమైన వార్త దూరదేశమునుండి వచ్చినపుడు, ఏవరీ దానిని త్రోసివేయలేదు, ఊరక అంగీకరింపనూ లేదు. చేతులార పరీక్షించుటకు పదునైదేండ్లు వినియోగించి, తన పాత అభిప్రాయమును తానే సవరించుకొనెను. అట్టి ఓర్పునకు తొలి మెట్టు చదువు. ఆ చదువునకు ద్వారము మన ఊరి గ్రంథాలయము. ఈ రజతోత్సవమునుండి స్వర్ణోత్సవము వరకు గల కాలములో, ఈ బల్లల చెంత కూర్చుండి చదువుకొను బాలబాలికలలో ఒక్కరైనను సత్యాన్వేషణమున అట్టి దీక్ష వహింతురుగాక యని ఆకాంక్షించుచున్నాను.